ఇసక తీయడం, జెట్టీ కట్టడం వేరే వేరే పనులు కావు

మన శ్రీకాకుళం తీరంలో బోటింగ్ పెడదాం, చిన్న మెరీనా లాంటిది కడదాం అన్న మాట ఎప్పుడొచ్చినా దాని వెనకే రెండు డిమాండ్లు వస్తాయి, ఒకటి మొగ (ఏరు, రేవు సముద్రంలోకి తెరుచుకునే చోటు) దగ్గర పూడిక తీయాలి, రెండోది ఉన్న జెట్టీ పాడైపోయింది కొత్తది కట్టాలి. మాట కలిసే వస్తుంది గానీ కాగితం మీదకి ఎక్కేసరికి రెండు ఎస్టిమేట్లు, రెండు టెండర్లు, ఇద్దరు కాంట్రాక్టర్లు అయిపోతారు. ఒకరు ఈ ఏడు తవ్వుతారు, ఇంకొకరు రెండేళ్లు పోయాక పైల్స్, అంటే జెట్టీని మోసే స్తంభాలు నేలలోకి దించడానికి వస్తారు, ఈలోపు ఒక తుఫాను వచ్చి తవ్విందంతా మళ్లీ మేట వేసేసి పోతుంది. నేను చెప్పాలనుకుంటున్నది ఒక్కటే, ఈ రెండూ ఒకే డ్రాయింగ్ మీద ఉండాల్సిన ఒకే పని, పైగా ఒకసారి చేసి చేతులు దులుపుకునే పని అస్సలు కాదు. ఎందుకో వివరంగా రాస్తున్నాను, పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మెరీనా అనగానే తెల్లటి యాట్‌లు, పెద్దోళ్ల వ్యవహారం అనుకుంటారు గానీ పనిగా చూస్తే చాలా మామూలు విషయం. కెరటం తగలని కాస్త నీటి జాగా, అందులోకి పడవ రావడానికి దారి, పడవ కట్టుకుని మనుషులు ఎక్కి దిగడానికి ఒక ప్లాట్‌ఫాం (అదే జెట్టీ), ఒడ్డు నుంచి దాని మీదకి దిగడానికి ఒక వాలు వంతెన, అంతే. కట్టింది టూరిస్టు బోటైనా మన జాలర్ల ఫైబర్ బోటైనా నీటికీ ఇసకకీ తేడా తెలీదు. అందుకే కళింగపట్నం బీచ్‌లో బోటింగ్ జెట్టీ గురించి మాట్లాడినా, ఎచ్చెర్ల మండలంలో బుడగట్లపాలెం ఫిషింగ్ హార్బరు గురించి మాట్లాడినా, విజయనగరం వైపు చింతపల్లి రేవు గురించి మాట్లాడినా ఈ లెక్కే వర్తిస్తుంది. తాటిపూడి లాంటి రిజర్వాయర్ల కథ వేరు, అక్కడ ఉప్పు లేదు, ఆటుపోట్లు లేవు, నీటి మట్టం మాత్రం కాలాన్ని బట్టి మీటర్ల కొద్దీ పైకీ కిందకీ వెళ్తుంది, దాన్ని ఇక్కడ కలపడం లేదు.

ముందు ఈ ఇసక ఎక్కడ నుంచి వస్తుందో తేల్చుకోవాలి. చాలామంది ఏరు మోసుకొచ్చి పడేసింది అనుకుంటారు, అది సగమే నిజం. నైరుతి రుతుపవనాల కాలంలో కెరటాలు దక్షిణం వైపు నుంచి ఒడ్డుకి ఏటవాలుగా తగులుతాయి, అలా తగిలిన ప్రతిసారీ కొంచెం ఇసకని ఉత్తరం వైపు జరుపుతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కొంత వెనక్కి వస్తుంది గానీ ఏడాది మొత్తం మీద చూస్తే మన తీరంలో ఇసక ప్రయాణం ఉత్తరానికే, అదీ లక్షల క్యూబిక్ మీటర్లలో. ఆ దారికి అడ్డంగా సముద్రంలోకి ఒక రాతి గట్టు కట్టారనుకోండి, దక్షిణం పక్క ఇసక పేరుకుంటుంది, ఉత్తరం పక్క ఒడ్డు కోసుకుపోతుంది, గట్టు నిండిపోయాక ఇసక దాని ముక్కు చుట్టూ తిరిగి మొగలోకే వచ్చి పడుతుంది. మద్రాసు హార్బరు కట్టాక దక్షిణాన మెరీనా బీచ్ అంత వెడల్పు అవడానికీ, ఉత్తరాన రాయపురం వైపు ఒడ్డు తినేయడానికీ కారణం ఇదే.

విశాఖ వాళ్లు ఇది మొదట్లోనే పట్టుకున్నారు. 1933లో తెరిచిన ఆ హార్బరుకి రెండు పాత ఓడల్ని మొగ దగ్గర ముంచి, వాటినే అడ్డుగోడ చేసి, వాటి నీడలో ఇసక పడేలా చూసుకుని, పడిన ఇసకని తోడి ఉత్తరం వైపు బీచ్‌కి పంపే ఏర్పాటు చేసుకున్నారు. ఔటర్ హార్బరు వచ్చాక కూడా అదే పద్ధతి, ఇసక పడే చోటు ఒకటి ముందే ఉంచుకోవడం, డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఓడలు దాన్ని తీసి ఆర్కే బీచ్ వైపు పోయడం. అంటే అక్కడ ఇసక రాకుండా ఎవరూ ఆపలేదు, ఇసక వస్తుందని ఒప్పుకుని, ఎక్కడ పడాలో ఎక్కడికి పోవాలో నిర్ణయించుకున్నారు. మన భావనపాడులో గట్లు వేసి కట్టిన ఫిషింగ్ హార్బరు ఇసక మేటలతో పూడిపోయింది. గట్టు కట్టడానికి డబ్బు దొరికింది, ఏటా ఇసక దాటించడానికి మాత్రం ఏర్పాటు లేకపోయింది, నా దృష్టిలో తేడా అంతా అక్కడే ఉంది.

ఇంక ఏటి సంగతి. వంశధార కళింగపట్నం దగ్గర, నాగావళి కళ్లేపల్లి దగ్గర, మహేంద్రతనయ బారువ దగ్గర, చంపావతి కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తాయి. వరదొచ్చినప్పుడు ఏరు సన్నటి ఎర్ర బురద తెస్తుంది, అదే వరద మొగకి అడ్డంగా ఉన్న ఇసక తిన్నెని కోసేసి దారి తెరుస్తుంది కూడా. వరద తగ్గాక వంశధార నీళ్లు హిరమండలం గొట్టా బ్యారేజీ దగ్గర, నాగావళి నీళ్లు తోటపల్లి, నారాయణపురం దగ్గర కాలవలకి మళ్లిపోతాయి, పంటలకి కావాలి కదా, తప్పు పట్టేదేమీ లేదు. కానీ జనవరి దాటాక మొగ దగ్గర సముద్రాన్ని ఎదురు తోసే నీరు ఉండదు, కెరటాలు తిన్నెని కట్టుకుంటూ పోతాయి, ఎండాకాలం వచ్చేసరికి ఏ ఊళ్లో అడిగినా ‘మొగ మూసుకుపోనాది’ అనే మాటే వినిపిస్తుంది.

ఏరు నీళ్లివ్వని ఆ నెలల్లో మొగని తెరిచి ఉంచేది పోటు నీరు ఒక్కటే, ఇది చాలా ముఖ్యమైన విషయం, మన మీటింగుల్లో ఎవరూ ఎత్తని విషయం కూడా. పోటుకి లోపలికి వచ్చి ఆటుకి బయటకి పోయే మొత్తం నీటిని టైడల్ ప్రిజం అంటారు. గెడ్డ (పోటు నీరు ఎక్కే వాగు) విస్తీర్ణం 20 హెక్టార్లు, ఆటుపోట్ల తేడా 1 మీటరు అనుకుంటే ప్రతి పోటుకీ 2 లక్షల క్యూబిక్ మీటర్ల నీరు ఆ ఇరుకు మొగలోంచి వచ్చి పోవాలి, ఆ జోరే ఇసకని తోసేస్తుంది. అదే గెడ్డ పక్క పర్ర భూమిలో, అంటే పోటు నీరు పారే ఉప్పు నేలలో, 5 హెక్టార్లు గట్లేసి రొయ్యల చెరువులో ఉప్పు మడులో చేశారంటే నీరు లక్షన్నరకి పడిపోతుంది, జోరు తగ్గుతుంది, మొగ ఇరుకవుతుంది. ఇప్పుడు ఎవరైనా లోపల ఒక మీటరు లోతుగా తవ్వితే ఈ లెక్క మారుతుందా అంటే మారదు, ఎందుకంటే ఆటు మట్టానికి కింద ఉన్న నీరు వచ్చి పోయే నీరు కాదు, అక్కడే నిలబడిపోయే నీరు. పైగా లోతు పెంచిన చోట నీటి వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే బురద ఇంకా తొందరగా దిగుతుంది. అవసరానికి మించి తవ్వితే పూడిక వేగం పెరుగుతుందన్న మాట. డ్రెడ్జర్‌కి (నీటి కింద తవ్వే మిషనుకి) పెట్టే డబ్బులో కొంత భాగం పెట్టి అడ్డగోలుగా వేసిన పాత గట్లు నాలుగు తీయించి పర్రలోకి పోటు నీరు వెళ్లనిస్తే కొన్ని చోట్ల మొగ దానంతట అదే బాగుపడే అవకాశం ఉంది, అసలు ముందు చూడాల్సింది అదీ.

సరే తవ్వాలే అనుకుందాం, ఎంత లోతు తవ్వాలి? ఇక్కడే పెద్ద గందరగోళం జరుగుతుంది. నవంబరులో పోటు మీద ఉన్నప్పుడు వెళ్లి తాడుకి గుండు కట్టి దింపితే రెండున్నర మీటర్లు చూపిస్తుంది, లోతు బానే ఉంది కదా అంటారు. మన తీరంలో అమావాస్య, పౌర్ణమి పోట్లకి ఆటుకీ పోటుకీ తేడా ఒకటిన్నర మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, దాని మీద బంగాళాఖాతం మట్టమే మార్చి ప్రాంతంలో కిందకి ఉండి అక్టోబరు నవంబరుల్లో పైకి లేస్తుంది. అంటే నవంబరు పోటులో రెండున్నర మీటర్లున్న చోట మార్చి ఆటులో మోకాలి లోతు పైచిలుకు నీళ్లే మిగలొచ్చు. అందుకే సర్వే వాళ్లు ఏ రోజు కొలిచినా దాన్ని చార్ట్ డేటమ్ అనే ఒక స్థిరమైన అడుగు మట్టానికి దించి రాస్తారు, ఇంచుమించుగా ఆటు అంతకన్నా కిందకి పోదు అనుకునే మట్టం అది. మీ ఊళ్లో ఎవరైనా లోతు ఇంత అని నంబరు చెప్తే ఏ మట్టం నుంచి అని అడగండి, ఆ జవాబు లేకపోతే ఆ నంబరుకి అర్థం లేదు.

డేటమ్ నుంచి లెక్క వేయడం తేలిక. ఒక చిన్న టూరిస్టు బోటు నీటిలో 0.8 మీటరు మునుగుతుంది అనుకోండి, దాని అడుగుకీ నేలకీ మధ్య 0.5, లోపలికి దొర్లొచ్చే అలకి 0.3, మళ్లీ తవ్వే లోపు పూడే దానికి 0.4, మొత్తం 2 మీటర్లు. చాలు. మన ఫైబర్ బోటుకి మోటారు ఫ్యాను దిగినా ఇంతకన్నా తక్కువే సరిపోతుంది. నాలుగు మీటర్లు తవ్వుదాం, భవిష్యత్తులో పెద్ద బోట్లొస్తాయి అనే మాట వినడానికి బావుంటుంది గానీ ఆ అదనపు రెండు మీటర్లు తవ్వడానికి ఒకసారి, పూడితే తీయడానికి ప్రతి రెండు మూడేళ్లకీ ఇంకోసారి డబ్బు కట్టాలి.

ఇప్పుడు పరిమాణం చూడండి. 100 మీటర్ల పొడవు 60 మీటర్ల వెడల్పు ఉన్న చిన్న జాగాని 1 మీటరు లోతు చేయాలంటే 6,000 క్యూబిక్ మీటర్లు అని ఎవరైనా గుణించి చెప్పేస్తారు. కానీ నీటి కింద మిషను కచ్చితంగా గీత గీసినట్టు తవ్వలేదు, 0.3 మీటరు అదనంగా పోతుంది, అదొక 1,800. ఇసక నిలువుగా నిలబడదు కదా, అంచులు ఒకటికి ఐదు వాలులో జారతాయి, అదొక 1,300 పైన. మొత్తం 9,000 దాటింది. బయటకి తీశాక ఇసక వదులై ఉబ్బుతుంది, 11,000 అనుకోండి, 10 క్యూబిక్ మీటర్ల టిప్పర్లలో వెయ్యికి పైగా ట్రిప్పులు, మీ ఊరి సిమెంటు రోడ్డు మీద, స్కూలు ముందు నుంచి. ఈ చివరి సంఖ్య ఎస్టిమేటులో ఎక్కడా కనపడదు.

మిషను విషయానికొస్తే విశాఖ నుంచి డ్రెడ్జర్ తెప్పిస్తే పోద్ది కదా అంటారు చాలామంది. డ్రెడ్జింగ్ కార్పొరేషన్ హెడ్డాఫీసు మన పక్కనే విశాఖలో ఉన్న మాట నిజమే, కానీ వాళ్ల పెద్ద హాపర్ డ్రెడ్జర్లు తవ్విన ఇసకని తమలోనే నింపుకుపోయే సముద్రపు ఓడలు, వాటికే మీటర్ల కొద్దీ నీరు కావాలి, మీటరున్నర నీళ్లున్న మొగలోకి అవి రానే రావు. మన లాంటి చోటికి పనికొచ్చేవి రెండు రకాలు. పంటు మీద ఎక్కించిన పొడుగు చెయ్యి ఎక్స్‌కవేటర్, ఇది జెట్టీ దగ్గరా మూలల్లోనా బాగా పనిచేస్తుంది, బురదని ముద్దగా తీస్తుంది, నీరు తక్కువ కలుస్తుంది, కానీ నెమ్మది. రెండోది లారీల మీద ముక్కలుగా తెచ్చి బిగించే చిన్న కట్టర్ సక్షన్ డ్రెడ్జర్, ముందు తిరిగే కట్టరు ఇసకని కదుపుతుంది, పంపు దాన్ని నీళ్లతో కలిపి పైపులోకి లాగి దూరంగా పోస్తుంది. ఇది వేగం, టిప్పర్లు అక్కర్లేదు, కాకపోతే పైపులో వచ్చే దాంట్లో నూటికి ఎనభై పాళ్లకి పైగా నీళ్లే. మన 9,000 క్యూబిక్ మీటర్లకి 50 వేల పైన చిక్కటి నీళ్లు ఒడ్డు మీదకొస్తాయి, వాటిని నిలబెట్టి తేర్చి పై నీటిని మెల్లగా వదలడానికి గట్లు కట్టిన పెద్ద మడి కావాలి. ఆ జాగా చూపించకుండా టెండరు పిలిచారంటే ఆ పని ఆగిపోవడం ఖాయం.

బిల్లు గురించి ఒక మాట. నీటి కింద తవ్విన దాన్ని ఎంబీలో, అంటే పని కొలతలు రాసే పుస్తకంలో ఎక్కించాలంటే తవ్వక ముందు ఒకసారి, తవ్విన వెంటనే ఒకసారి ఎకో సౌండర్‌తో (శబ్దంతో లోతు కొలిచే పరికరం) సర్వే చేసి, రెండింటి తేడా లెక్క కట్టాలి. టిప్పర్లు లెక్కపెట్టి డబ్బిచ్చే పద్ధతిలో ఎంత తవ్వారో ఎవరికీ తెలీదు. తర్వాతి సర్వే నెల రోజులు ఆలస్యమైతే ఆ నెలలో పూడింది కాంట్రాక్టరు నెత్తిన పడుతుంది, అప్పుడు గొడవ, కోర్టు, పని సగంలో ఆగడం. ఎన్ని రోజుల్లోపు కొలవాలో అగ్రిమెంటులోనే రాసుకోవాలి.

తీసిన దాన్ని ఎక్కడ వేయాలన్నది తీయడం కన్నా కష్టమైన ప్రశ్న. అమ్మేద్దాం, ఇళ్లకి ఇసక కొరత కదా అనే సలహా ఎప్పుడూ వస్తుంది. ఉప్పు నీటి ఇసక కాంక్రీటులో వేస్తే లోపల ఇనుము తుప్పు పడుతుంది, అది ఒక కారణం. రెండోది, కళింగపట్నం, శ్రీకూర్మం, భావనపాడు వైపు బీచ్ ఇసకలో ఇల్మనైట్, గార్నెట్‌తో పాటు మోనజైట్ ఉంటుంది, మోనజైట్ అణు ఖనిజం, దాని రూల్స్ వేరు, ఏటి ఇసకలా ట్రాక్టరుకెత్తి అమ్ముకునేది కాదు. శుభ్రమైన ఇసకకి సరైన చోటు నిజానికి దాని సొంత దారే, మొగకి ఉత్తరం పక్క కోసుకుపోతున్న ఒడ్డు. గట్టు అడ్డం పెట్టి ఉత్తరం పక్క ఊళ్ల వాళ్లకి చేరాల్సిన ఇసకని మనం ఆపాం, తిరిగి వాళ్లకే ఇవ్వడం న్యాయం కూడా.

బురదైతే కథ మారిపోతుంది. రేవు లోపల పడవలు కట్టే చోట ఏళ్ల తరబడి డీజిలు, గ్రీజు, పెయింటు దిగి ఉంటాయి. పడవ అడుగుకి గుల్లలు పట్టకుండా వేసే రంగుల్లో ఒకప్పుడు ట్రైబ్యూటైల్ టిన్ ఉండేది, 2008లో అంతర్జాతీయ ఒప్పందం అమల్లోకి వచ్చి దాన్ని నిషేధించారు, ఇప్పుడు ఎక్కువగా రాగి వాడుతున్నారు, అదీ జలచరాలకి మంచిది కాదు. కాబట్టి తవ్వే లోతు వరకూ గొట్టం దింపి మట్టి నమూనా తీసి ల్యాబులో పరీక్ష చేయించాలి, పైపైన దోసెడు తీస్తే సరిపోదు ఎందుకంటే పాత విషం కింద పొరలో ఉంటుంది. మడ చెట్ల దగ్గర నల్ల బురద తీస్తే కుళ్లిన గుడ్డు కంపు వస్తుంది చూడండి, అందులో గంధకం ఉంటుంది, నీటి కింద ఉన్నంతసేపు ఏమీ కాదు, బయటకి తీసి గాలికి ఆరబెట్టారంటే ఆ గంధకం సల్ఫ్యూరిక్ యాసిడ్‌గా మారుతుంది. పొలాలకి సారం అని చెప్పి ఆ బురద జీడి తోటల్లోనూ చేలల్లోనూ పోస్తే ఉప్పూ ఆమ్లమూ రెండూ కలిసి ఆ నేలని ఏళ్ల పాటు పాడుచేస్తాయి. దయచేసి ఎవరైనా ఉచితంగా మట్టి పోస్తామంటే పరీక్ష రిపోర్టు చూడకుండా ఒప్పుకోవద్దు.

అనుమతుల గురించి క్లుప్తంగా. 2019 సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నోటిఫికేషన్ ప్రకారం పోటు నీరు తగిలే చోట జెట్టీ కట్టినా తవ్వినా కోస్టల్ జోన్ మేనేజ్‌మెంట్ అథారిటీ ద్వారా క్లియరెన్స్ కావాలి, మడ అడవులూ తాబేళ్లు గుడ్లు పెట్టే ఒడ్డూ అన్నిటికన్నా కఠినమైన వర్గంలో ఉంటాయి. రెండు ఎస్టిమేట్లుగా విడగొడితే క్లియరెన్సూ రెండుసార్లు తెచ్చుకోవాలి, అదొక ఏడాది పోయినట్టే.

ఇప్పుడు జెట్టీ. పాత ఆర్‌సీసీ జెట్టీ ఎలా ఉందో తెలుసుకోడానికి ఆటు బాగా తగ్గినప్పుడు కిందకి దిగి పైల్ని చూడండి. కింద గుల్లలు అతుక్కున్న పట్టీ ఒకటి కనపడుతుంది, అక్కడి దాకా రోజూ నీటిలో మునుగుతుంది, ఆశ్చర్యం ఏంటంటే ఆ భాగం చాలాసార్లు బానే ఉంటుంది. దాని పైన, నీళ్లు చిందుతూ ఆరుతూ ఉండే మూర మూరన్నర ఎత్తులో నిలువు పగుళ్లు, పగుళ్ల లోంచి కారిన తుప్పు మరకలు, దూలం అడుగున పెచ్చులూడి బయటపడిన చువ్వలు కనపడతాయి. సుత్తితో తడితే డొల్ల శబ్దం వస్తుంది. ఉప్పు కాంక్రీటు లోపలికి ఇంకాలి, ఇనుముకి గాలీ అందాలి, రెండూ దొరికేది ఆ ఎత్తులోనే. ఇలాంటి చోట పెచ్చులు రాలగొట్టి పైన సిమెంటు పూసి సున్నం వేస్తే ఒకటి రెండేళ్లు కనపడదు, లోపల తుప్పు ఉబ్బుతూనే ఉంటుంది.

కొత్తది కట్టేటప్పుడు కాంక్రీటు పనులకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ఏం చెప్తుందో చూస్తే చాలు, ఆటుపోట్ల మధ్య ఉండే భాగాలకి అది తీవ్రాతితీవ్రమైన వర్గం ఇస్తుంది, కనీసం ఎం40 కాంక్రీటు, నీళ్లు సిమెంటు నిష్పత్తి 0.40కి మించకూడదు, చువ్వల మీద కవరు 75 మిల్లీమీటర్లు. ఇంటి శ్లాబుకి అలవాటైన మేస్త్రి 20, 25 మిల్లీమీటర్ల కవరు బిళ్లలు పెట్టేస్తాడు, పాపం అతనికి ఎవరూ చెప్పరు, అక్కడే పదిహేనేళ్ల ఆయుష్షు పోతుంది. స్లాగ్ సిమెంటు వాడితే ఉప్పు ఇంకడం బాగా తగ్గుతుంది, క్యూరింగుకి మంచినీళ్లే కావాలి, పక్కనే సముద్రం ఉంది కదా అని ఆ నీళ్లు తోడి పోస్తే కట్టిన రోజే జబ్బు అంటించినట్టు. సరుగుడు కర్రలతో వేసే చెక్క జెట్టీలు చవక, తొందరగా అవుతాయి, కానీ కర్రని లోపల నుంచి తొలిచే సముద్రపు పురుగు ఉంటుంది, పైకి గట్టిగా కనిపిస్తూనే కర్ర లోపల గొట్టంలా ఖాళీ అయిపోతుంది.

టూరిస్టు బోట్లకి నా ఓటు తేలే జెట్టీకే. కట్టిన జెట్టీ ఎత్తు మారదు, ఆటులో పడవ మనిషెత్తు కిందకి పోతుంది, ముసలివాళ్లు పిల్లలు పాచి పట్టిన మెట్ల మీద దిగాలి. పాంటూన్, అంటే తేలే ప్లాట్‌ఫాం, నీటితో పాటే లేచి దిగుతుంది, పడవకీ దానికీ ఎత్తు తేడా ఎప్పుడూ ఒకటే. అది కొట్టుకుపోకుండా నేలలో దించిన గైడ్ పైల్స్ ఉంటాయి, గుంజకి వదులుగా వేసిన కడియంలా పాంటూన్ వాటి వెంబడి పైకీ కిందకీ జారుతుంది. మన తీరంలో ప్రాణం అంతా ఆ పైల్ ఎత్తులో ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, 2021 సెప్టెంబరు 26న గులాబ్, అన్నీ మన మీద నుంచో మన పక్క నుంచో వెళ్లినవే. పెద్ద పోటు 1.5 మీటర్లు, ఉప్పెన ఇంకో 2, అల, పాంటూన్ మందం, కొంచెం భద్రత కలుపుకుంటే పైల్ పైకొస డేటమ్ నుంచి 5 మీటర్ల దగ్గర ఉండాలి. అందంగా లేదని, ఖర్చని దాన్ని మూడున్నరకి కోసేస్తే తుఫాను రోజు పాంటూన్ పైల్ మీద నుంచి బయటకి తేలిపోయి, దానికి కట్టిన పడవలన్నిటితో కలిసి ఊరి మీదకొస్తుంది.

ఇక్కడే తవ్వకమూ జెట్టీ కలుస్తాయి. 12 మీటర్ల పైల్, 5 మీటర్లు నేలలో, 7 మీటర్లు పైన ఉందనుకోండి. దాని మొదట్లో 1.5 మీటరు తవ్వితే నేలలో 3.5 మిగిలింది, పైన 8.5 అయింది. సన్నటి స్తంభం వంగిపోకుండా మోసే బరువు పొడవు వర్గాన్ని బట్టి తగ్గుతుంది, అంటే ఆ పొడవు పెరుగుదల వల్లే దాదాపు మూడో వంతు బలం పోయింది, నేల పట్టు తగ్గింది అదనం. పాత జెట్టీ ఉంచేసి దాని పక్కన తవ్వితే జరిగేది ఇదీ, జెట్టీ బోటు గుద్దుకుని ఒరిగింది అంటారు గానీ దాని కాళ్ల కింద నేల తీసింది మనమే. భయపడి జెట్టీకి ఐదారు మీటర్ల దూరం వదిలి తవ్వితే పడవ కట్టాల్సిన చోటే లోతు ఉండదు. పోనీ ముందు కొత్త జెట్టీ కట్టేసి తర్వాత తవ్వుదామంటే పైల్స్ మధ్యకి డ్రెడ్జర్ దూరదు, పైగా ఎంత లోతుకి తవ్వుతారో తెలీకుండా పైల్ పొడవు ఎలా డిజైన్ చేస్తారు.

కాబట్టి వరస ఒకటే. ముందు లోతు సర్వే, మట్టి పరీక్ష, నేల పొరలు చూసే బోర్లు అన్నీ ఒకేసారి. చివరికి ఎంత లోతు ఉంచుతామో నిర్ణయించి, దాని మీద ఇంకో మీటరు కోత పడినా నిలబడేలా పైల్స్ డిజైన్. పాత జెట్టీ పూర్తిగా పీకేయడం, నేల దగ్గర కోసేసి మొండేలు వదిలేస్తే కట్టరు పళ్లు విరుగుతాయి, తర్వాత పడవ అడుగులు చీలతాయి. ఖాళీ అయిన జాగాని మొత్తం తవ్వడం, వెంటనే పైల్స్, ఆ తర్వాత పాంటూన్లు. ఒకే కాంట్రాక్టు అయితే మధ్యలో పూడింది నాది కాదు అని ఎవరూ అనలేరు.

కాలం కూడా కలిసి రావాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సముద్రం పెద్ద కెరటాలతో ఉంటుంది, అక్టోబరు నుంచి డిసెంబరు తుఫాన్ల కాలం, మిగిలింది జనవరి నుంచి మే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ వేట నిషేధం, పడవలు ఒడ్డునే ఉంటాయి కాబట్టి ఆ 61 రోజులు జెట్టీ పనికి బాగా అనుకూలం, వేటకెళ్లే వాళ్ల రోజు కూలి పోదు. కానీ జనవరి నుంచే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి, అవి పిల్లలవడానికి 45 నుంచి 60 రోజులు, అంటే మే దాకా బీచ్ మీద ఇసక పోయకూడదు. దానికి దారి ఉంది, లోపల తవ్వకం ఆపక్కర్లేదు, తీసిన ఇసకని పొడి ఒడ్డు మీద కాకుండా పైపుతో కెరటాలు విరిగే నీటిలో వదిలితే సముద్రమే దాన్ని ఉత్తరానికి పరుస్తుంది. పైపు ఎక్కడ నుంచి వెళ్లాలో గూళ్లు చూసుకుని అటవీ శాఖ వాళ్లతో కలిసి ముందే గుర్తు పెట్టుకోవాలి.

చివరగా డబ్బు. ప్రారంభోత్సవానికి ఎప్పుడూ డబ్బుంటుంది, మూడో ఏడు ఇసక తీయడానికి ఉండదు. తవ్వకం, జెట్టీ ఖర్చుతో పాటు కనీసం పదేళ్ల నిర్వహణ, అంటే ఎన్నిసార్లు ఎంత తీయాలో లెక్కగట్టి ఆ మొత్తాన్ని మొదటి రోజే విడిగా పెట్టాలి, టూరిస్టు బోట్ల దగ్గర టికెట్టు మీద కొంత, కట్టుకునే బోట్ల దగ్గర ఏడాదికి కొంత అందులోకే రావాలి, జాలర్ల చిన్న బోట్లని దాన్నుంచి మినహాయించాలి. ఏటా వానల ముందోసారి, తుఫాన్ల కాలం అయ్యాకోసారి లోతు కొలవాలి. దానికి పెద్ద ఏజెన్సీ అక్కర్లేదు, చేపలు చూసుకునే చిన్న సౌండర్ ఒకటి, ఒడ్డున డేటమ్‌కి కలిపి నాటిన కొలత కర్ర ఒకటి, ఊళ్లో చదువుకున్న కుర్రాళ్లు ఇద్దరు ఉంటే ఒక్క పూటలో అయిపోతుంది, ఆ అంకెలు పంచాయతీ గోడ మీద రాసిపెడితే ఏ మూల ఎంత పూడిందో, పైల్ మొదట్లో ఎంత కోసుకుపోయిందో ఊరందరికీ తెలుస్తుంది, తర్వాతి తవ్వకానికి టెండరు ఎప్పుడు పిలవాలో ఆఫీసర్లకి గుర్తుచేయడానికి కాగితం కూడా చేతిలో ఉంటుంది.